చిత్తూరు నుంచి బీటీ రోడ్డు దాకా: ఎంస్టాట్ సీటు కోసం నేను పడ్డ పాట్లు

కోల్‌కతా బీటీ రోడ్డు (బ్యారక్‌పూర్ ట్రంక్ రోడ్డు) మీదున్న ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ (ఐఎస్‌ఐ)లో నాకు ఎంస్టాట్, అంటే స్టాటిస్టిక్స్ పీజీ, సీటు వచ్చిందని తెలిసినప్పటి నుంచి తిరుపతిలో జూనియర్లు వరసగా ఫోన్లు చేస్తున్నారు. అందరూ సిలబస్ గురించే అడుగుతారు. ఏ పుస్తకం చదివావు, కోచింగ్ తీసుకున్నావా, రోజుకి ఎన్ని గంటలు కూర్చున్నావు. సర్టిఫికెట్ల సంగతి ఒక్కరూ అడగలేదు. నన్ను ఏడిపించింది లెక్కలు కాదు, అవే. హాస్టల్లో చేరి ఇంకా నెల కాలేదు, అంతా గుర్తుండగానే జరిగింది జరిగినట్టు రాసేస్తున్నాను.

మాది చిత్తూరు దగ్గర పల్లె. నాయనకి కాస్త మామిడి తోట, రెండు ఆవులు, వానలు పడితే వేరుశనగ. నేను డిగ్రీ తిరుపతిలో హాస్టల్లో ఉండి చదివాను. ఎమ్మెస్సీఎస్ గ్రూపు, అంటే మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్. ఈ సంస్థ పేరు గట్టిగా చెవిన పడింది 2023 ఆగస్టులో. ఆ నెల 22న స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు 102 ఏళ్ల వయసులో పోయారు. మా డిపార్ట్‌మెంట్‌లో చిన్న సంతాప సభ పెట్టారు. అప్పటిదాకా ఆయన మాకు క్రామర్-రావు, రావు-బ్లాక్‌వెల్ అని ఆయన పేరు మీదున్న సిద్ధాంతాలు, పరీక్ష ముందు రాత్రి బట్టీ పట్టే రెండు ప్రశ్నలు. అంతే. ఆంధ్రా యూనివర్సిటీలో ఎంఏ మ్యాథ్స్ చేసిన కుర్రాడు, సైన్యానికి చెందిన ఏదో సర్వే ఉద్యోగం ఇంటర్వ్యూకని కలకత్తా వెళ్లి, అక్కడ మహలనోబిస్ నడుపుతున్న ఈ ఇన్‌స్టిట్యూట్ గురించి విని, 1941లో ట్రైనింగ్‌కి చేరిపోయాడని మా సారు చెబితేనే తెలిసింది. మేం బట్టీ పట్టిన ఆ పేపరు 1945లోది. అప్పటికి ఆయనకి పాతికేళ్లు కూడా సరిగ్గా నిండలేదు.

సభ అయ్యాక సారుని పట్టుకున్నాను. "దాని ఎంట్రెన్స్ రాయమ్మా, పోయేదేముంది? ట్యూషన్ ఫీజు లేదు. ఎంస్టాట్‌కి వాళ్లే నెలకి 8,000 రూపాయల స్టైపెండ్ ఇస్తారు" అన్నారు. ఈ మాట ఇంట్లో చెబితే నాయన చెంబు పక్కన పెట్టి నా మొహం చూశాడు. "చదువుకునేదానికి వాళ్లే ఎందుకిస్తారు పాపా? ఎవురన్నా మోసగాళ్లేమో చూడు." 1959లోనే పార్లమెంటు చట్టం చేసి దీన్ని జాతీయ ప్రాముఖ్యత ఉన్న సంస్థగా గుర్తించిందని చెప్పాను. ఆయనకి నమ్మకం కుదర్లేదు. మామ, అంటే మా అమ్మ తమ్ముడు, సర్దిచెప్పాడు.

2024 మార్చిలో ఆన్‌లైన్‌లో అప్లికేషన్ పెట్టాను. అప్పుడు ఫీజు జనరల్ అబ్బాయిలకి 1,500, అమ్మాయిలకి 1,000, ఓబీసీకి 750. నేను ఓబీసీ కింద 750 కట్టాను. అప్లికేషన్ నింపడానికి అరగంట పట్టింది, ఫోటో సైజు తగ్గించడానికి గంట పట్టింది. సెంటర్ చెన్నై పెట్టుకున్నాను. చిత్తూరు వాళ్లకి విజయవాడ కంటే మద్రాసే దగ్గర, ఇది మాకెవరూ చెప్పక్కర్లేదు.

ఇక సర్టిఫికెట్ కథ. మన దగ్గర ఉండే ఇంటిగ్రేటెడ్ సర్టిఫికెట్‌లో బీసీ-ఏ, బీసీ-బీ అని రాసి ఉంటుంది. ఇక్కడ అది చెల్లదు. కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీ లేయర్ సర్టిఫికెట్ కావాలి. ముందు మన కులం కేంద్రం ఓబీసీ జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి, రాష్ట్ర జాబితాలో ఉన్నంత మాత్రాన అక్కడ ఉండాలని లేదు. పైగా ఆదాయానికి ముడిపెట్టిన కాగితం కాబట్టి ఆర్థిక సంవత్సరం మారితే కొత్తది అడుగుతారు. ఏప్రిల్ మొదటివారంలో గ్రామ సచివాలయానికి వెళ్లాను.

వెళ్లిన సమయం చూడండి. మార్చి 16న ఎన్నికల షెడ్యూలు వచ్చింది. వాలంటీర్లు పింఛన్లు పంచకూడదని ఎన్నికల సంఘం చెప్పడంతో ఆ పనంతా సచివాలయం సిబ్బంది మీద పడింది. డిజిటల్ అసిస్టెంట్ అప్లికేషన్ తీసుకుని రసీదు ఇచ్చింది, పాపం ఆ అమ్మాయి తప్పేం లేదు. అక్కడి నుంచి వీఆర్వో, ఆయన దగ్గర నుంచి ఆర్ఐ, ఆపైన తహసీల్దారు. ఎవరి టేబుల్ దగ్గరికి వెళ్లినా "ఎలక్షన్ డ్యూటీ" అనే మాటే. ఒకాయన ఐఎస్‌ఐ అని చదివి, హెల్మెట్ల మీద ముద్ర వేసే ఆఫీసులో ఉద్యోగమా అన్నాడు. ఇంకొకాయన రాష్ట్ర నమూనాలోనే ప్రింట్ తీసి చేతిలో పెట్టాడు. ఇది కాదు సార్ అంటే, అందరూ ఇదే తీసుకుపోతారు, నీకేం ప్రత్యేకం అన్నాడు. నమూనా కాగితం ప్రింట్ తీసుకెళ్లి చూపించాల్సి వచ్చింది. కౌంటింగ్ అయ్యాక రండి అనేది చివరి మాట. ఆ రోజు ఆఫీసు బయట చింత చెట్టు కింద కూర్చుని ఏడ్చేశాను.

చదువు మాట కొంచెం చెప్పాలి. ఆరో సెమిస్టర్ మాకు ఇంటర్న్‌షిప్ కాబట్టి క్లాసులు లేవు, కాస్త టైము దొరికింది. కోచింగ్ లేదు. ఇన్‌స్టిట్యూట్ వెబ్‌సైట్‌లో పాత పేపర్లు ఉచితంగా ఉంటాయి, అవే చేశాను. మొదట్లో ఒక్కో ప్రశ్నకి ఒక సాయంత్రం పోయేది. సూత్రం తెలుసు, పేరు తెలుసు, నిరూపణ కూడా వచ్చు, అయినా లెక్క ముందుకి కదలదు. డిగ్రీలో మేం నేర్చుకున్నది ప్రశ్న చూడగానే జవాబు గుర్తు తెచ్చుకోవడం. ఇక్కడ ప్రశ్న ఎప్పుడూ చూసినట్టు ఉండదు. లీనియర్ ఆల్జీబ్రా, కాల్క్యులస్ నేను మళ్లీ మొదటి నుంచి చేసుకోవాల్సి వచ్చింది. స్టాటిస్టిక్స్ పేపర్ల కంటే వాటికే ఎక్కువ సమయం పెట్టాను, అదే పనికొచ్చింది.

పరీక్ష 2024 మే 12, ఆదివారం. మర్నాడు సోమవారం మన రాష్ట్రంలో పోలింగ్. శనివారం చిత్తూరులో బస్సెక్కి కోయంబేడులో దిగి, అంబత్తూరులో పెద్దమ్మ వాళ్లింటికి వెళ్లాను. ఎండకి ఒళ్లంతా పేలిపోయింది. ఉదయం రెండు గంటలు పీఎస్‌ఏ, 30 ఆబ్జెక్టివ్ ప్రశ్నలు. మధ్యాహ్నం రెండు గంటలు పీఎస్‌బీ, రాసే ప్రశ్నలు. కాలిక్యులేటర్ ఉండదు. మధ్యలో విరామం ఉంది కానీ సెంటర్ చుట్టుపక్కల హోటల్ ఒక్కటీ తెరిచి లేదు. పెద్దమ్మ కట్టిచ్చిన పులిహోర నన్నూ, పక్కన దిక్కులు చూస్తున్న నెల్లూరు అబ్బాయినీ ఆదుకుంది.

పీఎస్‌ఏ మార్కుల పద్ధతి నాకు భలే నచ్చింది. సరైన జవాబుకి 4, తప్పుకి 0, వదిలేస్తే 1. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా ఒకటి గీస్తే సగటున వచ్చేది కూడా సరిగ్గా 1. అంటే ఏమీ తెలియకపోతే గీసినా వదిలినా ఒకటే. ఒక్క ఆప్షన్ తప్పని ఖాయంగా తెలిస్తే మాత్రం సగటు నాలుగు బై మూడు, అప్పుడు గీయడమే లాభం. స్టాటిస్టిక్స్ వాళ్లు పెట్టే పరీక్ష కదా, సూచనల్లోనే ఒక లెక్క దాచారు. ఇది హాల్లో కూర్చుని ఆలోచించేది కాదు, ఇంట్లోనే తేల్చుకుని వెళ్లండి. మధ్యాహ్నం పేపర్లో నేను పూర్తిగా చేసినవి సగం. మిగతావాటిలో ఎంత దూరం వెళ్లగలిగానో అంతవరకు రాసి, ఇక్కడ ఆగిపోయాను, ఇది చూపిస్తే మిగతాది వస్తుంది అని ఒక లైను పెట్టాను. దానికి మార్కులు వేశారో లేదో తెలియదు కానీ నాకు ధైర్యంగా అనిపించింది.

సాయంత్రం కోయంబేడులో చూడాలి జనాన్ని. చెన్నైలో పని చేసుకునే మన వాళ్లంతా ఓటుకి ఊళ్లకి బయల్దేరారు. చిత్తూరు బస్సు కనబడితే చాలు, ఆగకముందే కిటికీల్లోంచి టవళ్లు పడేస్తున్నారు. రాణిపేట దాకా నిలబడే వచ్చాను. పక్కన నిలబడ్డ పెద్దాయన ఏం చదువుతున్నావమ్మా అని అడిగి, స్టాటిస్టిక్స్ అనగానే "అయితే ఎవరు గెలుస్తారో చెప్పు" అన్నాడు. అప్పటి నుంచి జూన్ 4 దాకా ఊళ్లో అందరిదీ అదే ప్రశ్న. తెల్లారి లేచి వెళ్లి ఓటేశాను, అసెంబ్లీకి, పార్లమెంటుకి అదే నా మొదటి ఓటు.

తర్వాతంతా ఎదురుచూపు. జూన్ రెండో వారంలో పీజీసెట్ రాశాను, ఇది రాకపోతే తిరుపతిలోనే ఎమ్మెస్సీ చేద్దామని. కౌంటింగ్ అయ్యాక సర్టిఫికెట్ వచ్చింది. ఈసారి నమూనా సరిగ్గానే ఉంది, కానీ నాయన పేరులో ఒక అక్షరం తప్పు. దాన్ని సరిచేయించడానికి ఇంకో వారం. జూన్ 18న జరిగిన యూజీసీ నెట్ పరీక్షని మర్నాడే రద్దు చేశారు. మా సీనియర్ అక్క ఒకామె అది రాసి ఉంది, ఆమె ఫోన్లో ఏడుస్తుంటే నాకూ గుబులు పట్టుకుంది. అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం రిజల్ట్ పెట్టారు. పేర్లు ఉండవు, రిజిస్ట్రేషన్ నంబర్లే. నా నంబరు ఉంది. ఫోను నాయనకిచ్చి మళ్లీ చదివించుకున్నాను. ఇంటర్వ్యూ కోల్‌కతాలో, జూన్ ఆఖరి వారంలో.

అది తోతాపురి కోత సమయం. నాయన కదలడానికి లేదు, కాయ ఫ్యాక్టరీకి తోలకపోతే ఏడాది సంపాదన పోతుంది. మామ వస్తానన్నాడు. ఆయన చాలా ఏళ్లు లారీ డ్రైవరు, మదనపల్లె టమోటా కలకత్తాకి తోలేవాడు. తత్కాల్‌లో రేణిగుంట నుంచి రెండు స్లీపర్ టికెట్లు దొరికాయి, బెంగళూరు నుంచి హౌరా వెళ్లే సూపర్ ఫాస్ట్‌లో. ఆ పేరు వినగానే అమ్మ కుదరదంటే కుదరదంది. 2023 జూన్ 2న బాలాసోర్ దగ్గర బాహానగాలో కోరమండల్ ప్రమాదం జరిగినప్పుడు చిక్కుకున్న రెండో ప్యాసింజర్ రైలు ఇదే. దానికితోడు 2024 జూన్ 17నే బెంగాల్లో కాంచనజంగా ఎక్స్‌ప్రెస్‌ని వెనక నుంచి గూడ్సు గుద్దింది. టీవీలో అదే చూపిస్తున్నారు. విమానానికి డబ్బుల్లేవు, ఇంకో రైల్లో టికెట్ లేదు. చివరికి పదిహేను రోజుల పాల బిల్లు మొత్తం నా చేతిలో పెట్టి, ప్రతి పెద్ద స్టేషన్లో ఫోన్ చెయ్యాలని ఒట్టు వేయించుకుంది. బాలాసోర్ దాటేటప్పుడు నేను నిద్రపోతున్నాను. మామ లేపలేదు, ఆయనే అమ్మకి ఫోన్ చేసి చెప్పాడు.

హౌరాలో దిగితే మెట్రో ఉంది. హుగ్లీ నది కింద నుంచి వెళ్లే ఆ లైను ఆ ఏడాది మార్చి నెలలోనే మొదలైంది. ఎస్‌ప్లనేడ్‌లో మారి, దక్షిణేశ్వర్ వైపు వెళ్లే రైలెక్కి బరానగర్‌లో దిగాం. టాక్సీ వాళ్లు అడిగిన డబ్బుకి, మెట్రో టికెట్‌కి పోలికే లేదు, సామాను తక్కువుంటే ఇదే మేలు. బయటికొచ్చి బీటీ రోడ్డు మీదికి చేరాక మామ ఒక్కసారి ఆగిపోయాడు. "ఇది డన్‌లప్ కదా! ఇక్కడే కదా మేం లారీ తిప్పేది!" అన్ని ట్రిప్పులు ఈ పక్క నుంచే పోయాడు, ఈ ఇన్‌స్టిట్యూట్ గోడ వెనక ఏముందో ఎప్పుడూ తెలియలేదు. ఆ దగ్గర్లోనే లాడ్జి చూసుకున్నాం.

ఇంటర్వ్యూ రోజు ముందు సర్టిఫికెట్లు చూశారు. డిగ్రీ ఆఖరి మార్కులు ఇంకా రాలేదు కాబట్టి అప్పటిదాకా ఉన్న మెమోలు, కాలేజీ ఇచ్చిన లెటరు చూపించాను, ఒప్పుకున్నారు. చేరేనాటికి తేవాలన్నారు. నా నంబరు పిలిచేసరికి మధ్యాహ్నమైంది. కారిడార్లో నాతోపాటు కూర్చున్నవాళ్లంతా ఒకరినొకరు ఇంగ్లిష్‌లో, బెంగాలీలో లెక్కలు అడుక్కుంటున్నారు. నేను నీళ్ల బాటిల్ మూత తీస్తూ పెడుతూ కూర్చున్నా.

లోపల కొంతమంది ప్రొఫెసర్లు, ఒక బోర్డు, చాక్‌పీసు. కూర్చోబెట్టి అడగరు, బోర్డు దగ్గరికే పంపుతారు. మొదటి ప్రశ్న లీనియర్ ఆల్జీబ్రా. A ఒక మాత్రిక అయితే, 'A ట్రాన్స్‌పోజ్ A' ర్యాంకు, A ర్యాంకు సమానమేనా? సమానమే అని నిరూపించాను. "ఎప్పుడూనా?" అన్నారొకరు. కాసేపు బుర్ర పనిచెయ్యలేదు. సంకీర్ణ సంఖ్యలు ప్రయత్నించు అని ఆయనే అందించారు. ఒకటి, ఐ అని రెండు వరసల నిలువు మాత్రిక రాశాను. ఒకటి వర్గం, ఐ వర్గం కలిపితే సున్నా. ర్యాంకు పోయింది. తలూపారు.

తర్వాత నా అప్లికేషన్ చూసి, చిత్తూరు అంటే ఎక్కడ, మీ నాన్న ఏం చేస్తారు అని అడిగారు. మామిడి, వేరుశనగ అన్నాను. "మీ ఊళ్లో ఎకరాకి వేరుశనగ ఎంత పండిందో ప్రభుత్వానికి ఎలా తెలుస్తుంది?" ఇది మాత్రం నేను కళ్లారా చూసిందే. పంటకోత ప్రయోగం అని మా చేలో ఒకసారి చేశారు. వ్యవసాయ అసిస్టెంటు కాగితం మీద ముందే రాండమ్ నంబర్లు రాసుకొచ్చాడు. చేను నైరుతి మూల నుంచి పొడవునా ఇన్ని అడుగులు, వెడల్పునా ఇన్ని అడుగులు నడిచి అక్కడ మేకు కొట్టాడు. ఐదు మీటర్ల చదరానికి నాలుగు మేకులు, చుట్టూ తాడు. లోపలి చెట్లన్నీ పీకి, కాయ కోసి తూకం వేశారు. అదే చెప్పాను.

"ఐదు మీటర్లు ఎందుకు? ఒక మీటరు చాలదా, పని తేలిక కదా?" వేరియన్స్, అంటే అంచనాలో హెచ్చుతగ్గులు, పెరుగుతుంది సార్ అన్నాను. "అది సరే. ఇంకేమన్నా?" అప్పుడు ఆ తాడు గుర్తొచ్చింది. చెట్టు మొదలు తాడు కిందికి వచ్చినప్పుడల్లా ఇది లోపలా బయటా అని నాయనకీ ఆ అసిస్టెంటుకీ వాదన. అసిస్టెంటు లోపలికే వేసేవాడు. బోర్డు మీద వేసి చూపించాను. ఐదు మీటర్ల చదరానికి చుట్టుకొలత 20, వైశాల్యం 25. ఒక మీటరుకి చుట్టుకొలత 4, వైశాల్యం 1. అంచు మీద అనుమానం చెట్లు వైశాల్యంతో పోలిస్తే చాలా ఎక్కువ, అవన్నీ లోపలికి లాగితే దిగుబడి ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. మరి మీ నాన్న ఎందుకు వాదించారు అన్నారు. "దిగుబడి తక్కువ పడితేనే కదా సార్ పంట బీమా వచ్చేది" అన్నాను. అందరూ నవ్వారు. ప్లాటు సైజు మీద 1940ల్లో మహలనోబిస్‌కీ, సుఖాత్మే అనే ఇంకో స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్తకీ మధ్య ఇదే పెద్ద వాదమని, తర్వాత చదువుకోమని ఒకాయన చెప్పారు.

బయటికి వచ్చాక సీటు వచ్చినట్టే అనుకున్నా. జులైలో లిస్టు వస్తే నా నంబరు వెయిటింగ్‌లో ఉంది. ఆ రెండు వారాలు పరీక్ష కంటే ఘోరం. చాలామందికి జామ్ అనే ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీల్లో కూడా సీట్లు వస్తాయి, వాళ్లు అటు వెళ్తే లిస్టు ఇటు జరుగుతుంది. ఎవరు వెళ్తారో, ఎప్పుడు వెళ్తారో తెలియదు. పీజీసెట్ కౌన్సెలింగ్ గురించి ఇంట్లో రోజూ గొడవ. ఒక ఉదయం సీటు వచ్చిందని ఈమెయిల్ వచ్చింది. ఒప్పుకుంటున్నట్టు చెప్పడానికి గడువు కొద్ది రోజులే, కాబట్టి ఆ నెల మెయిల్ రోజుకి రెండుసార్లు చూడండి, స్పామ్‌తో సహా.

చేరడానికి ఒరిజినల్ టీసీ, మైగ్రేషన్, మార్కుల మెమోలు, ఓబీసీ కాగితం అన్నీ కావాలి. మైగ్రేషన్ సర్టిఫికెట్ తిరుపతిలో ఉండగానే అప్లై చేసుకోండి, ఇంత దూరం వచ్చాక ఎవరినో బతిమాలాల్సి వస్తుంది. మొత్తం మీద అప్లికేషన్, చెన్నై, కోల్‌కతా ప్రయాణాలు ఇద్దరివీ, లాడ్జి, చేరేటప్పుడు కట్టిన డిపాజిట్లు, పరుపు, బకెట్టు కలిపి పాతిక వేల దాకా అయింది. మామిడి డబ్బు ఫ్యాక్టరీ నుంచి ఆలస్యంగా వస్తుంది కాబట్టి సగం అప్పే. స్టైపెండ్ మార్కులకీ హాజరుకీ ముడిపడి ఉంటుంది, క్లాసులు ఎగ్గొడితే కుదరదు. నా లెక్క ప్రకారం దాదాపు సగం మెస్‌కి పోతుంది. ఆవనూనె వాసనకి మొదటి వారం అన్నం దిగలేదు, ఇప్పుడు తింటున్నాను. గోంగూర పచ్చడి, చింతపండు, ఎండు మిరపకాయల పొడి వీలైనంత తెచ్చుకోండి. దోమతెర మాత్రం చిత్తూరులోనే మంచిది కొనండి. ఇక్కడ తొందర్లో కొన్నది పది రోజులకే చిరిగింది, ఈ ఊరి దోమల సంగతి మామ ముందే చెప్పాడు.